పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది, కారు మాత్రం లేవదు

సంక్రాంతికి ఇంటికొచ్చి, మూడు నాలుగు వారాలు ఉండి, జనవరి చివర్లో మళ్లీ షికాగోలోనో మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో దిగే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు కొన్నింటికి ఎలక్ట్రిక్ కారు ఉంది. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనో, అపార్ట్‌మెంట్ బయటో మంచు కప్పుకుని నిలబడి ఉంటుంది. వెళ్లేటప్పుడు 70 శాతం చార్జ్‌తో వదిలారు. ఇప్పుడు దగ్గరికి వెళ్లి హ్యాండిల్ పట్టుకుంటే తలుపు తెరుచుకోదు. లోపల స్క్రీన్ వెలగదు. యాప్‌కు కారు దొరకదు. చలి మైనస్ 15. పక్కన నిద్రమత్తులో పిల్లలు, చుట్టూ సూట్‌కేసులు. ఆ సమయంలో ఎవరికైనా ముందు తోచేది ఒకటే: చలికి బ్యాటరీ చచ్చిపోయింది, వేల డాలర్లు ఖర్చు.

చాలాసార్లు ఆ భయం నిజం కాదు. పడిపోయింది కారు అడుగున ఉండే పెద్ద బ్యాటరీ కాదు, బానెట్ కిందో డిక్కీలోనో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చుకూ పెద్దదాన్ని మార్చడానికి అయ్యే ఖర్చుకూ పోలికే లేదు.

చలిలో "కారు స్టార్ట్ కావట్లేదు" అనే ఒక్క మాటలో నిజానికి మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. చిన్న బ్యాటరీ పడిపోవడం ఒకటి. పెద్ద బ్యాటరీ చలి నుంచి తనను కాపాడుకోవడానికి శక్తిని బిగబట్టుకోవడం ఇంకొకటి. ఏదో ఒక భాగం మంచుకు బిగుసుకుపోవడం మూడోది. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చేయాల్సిన పని మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఏది ఏదో తెలియక, పాడుకాని కారును టో చేయించుకునేవాళ్లు ఉన్నారు. నిజంగా పాడైనదాన్ని "చలికి ఇంతేలే" అని వదిలేసి, వారం తిరక్కుండా దారిలో ఆగిపోయేవాళ్లూ ఉన్నారు.

స్టార్ట్ అవడం అంటే ఇక్కడ ఏమిటి

పెట్రోల్ కారు స్టార్ట్ అవడమంటే ఇంజిన్ తిరగడం. దాన్ని తిప్పే స్టార్టర్ మోటారుకు ఒక్కసారిగా వందల యాంపియర్ల కరెంటు కావాలి. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, అదే సమయంలో బ్యాటరీ బలం తగ్గుతుంది. అందుకే చలికాలం పొద్దున్నే ఆ కార్లు మూలుగుతాయి.

ఎలక్ట్రిక్ కారులో అలా తిప్పాల్సిందేమీ లేదు. బ్రేక్ మీద కాలు పెట్టి బటన్ నొక్కగానే ముందు 12 వోల్టుల బ్యాటరీ నుంచి కంప్యూటర్లు మేల్కొంటాయి. తాళం మనదేనా, చార్జింగ్ కేబుల్ ఇంకా తగిలించి ఉందా, హై వోల్టేజ్ లైన్‌లో ఎక్కడైనా లీకేజీ ఉందా అని వరసగా చూసుకుంటాయి. అన్నీ సరిగ్గా ఉంటేనే పెద్ద బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉన్న కాంటాక్టర్లు కలుస్తాయి. కాంటాక్టర్లంటే రిలే లాంటి పెద్ద స్విచ్‌లు. కారు అడుగు నుంచి "టక్" మని వినిపించే చప్పుడు వాటిదే. ఆ తర్వాతే డాష్‌బోర్డు మీద రెడీ గుర్తు వెలుగుతుంది.

ఈ కాంటాక్టర్లను లాగి పట్టుకోవడానికి కావలసిన కరెంటు వచ్చేది చిన్న బ్యాటరీ నుంచే. అంటే పెద్ద బ్యాటరీ ఉన్న గది తాళం చిన్న బ్యాటరీ చేతిలో ఉందన్నమాట. చిన్నది పడిపోతే పెద్దదానిలో 70 కిలోవాట్ అవర్ల శక్తి ఉన్నా బయటికి రాదు.

ఇంత శక్తి పెట్టుకుని ఇంకా పాతకాలపు 12 వోల్టుల బ్యాటరీ ఎందుకన్న ప్రశ్న సహజమే. కారణం భద్రత. కారు పార్క్ చేసి ఉన్నప్పుడు, యాక్సిడెంట్ అయినప్పుడు, 400 లేదా 800 వోల్టుల కరెంటు బ్యాటరీ పెట్టె దాటి బయటికి రాకూడదు. కాబట్టి కారు నిద్రపోగానే కాంటాక్టర్లు విడిపోతాయి. అప్పటి నుంచి తలుపు తాళాలు, అలారం, తాళంచెవి సిగ్నల్ వినే రిసీవర్, యాప్‌తో మాట్లాడే మోడెమ్, వీటన్నిటి భారం చిన్న బ్యాటరీ ఒక్కదానిదే. దాని చార్జ్ బాగా తగ్గితే చాలా కార్లు వాటంతట అవే లేచి, కాంటాక్టర్లు కలిపి, ఎక్కువ వోల్టేజ్‌ను 12 వోల్టుల స్థాయికి దించే డీసీ-డీసీ కన్వర్టర్ ద్వారా పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి కొంత చార్జ్ ఎక్కించి మళ్లీ పడుకుంటాయి. అయితే లేవడానికి సరిపడా శక్తి చిన్నదానిలో మిగిలి ఉంటేనే ఇది జరుగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పెట్రోల్ కారులో బ్యాటరీ ముసలిదైతే వారాల ముందే తెలిసిపోతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు చప్పుడు మారుతుంది. ఎలక్ట్రిక్ కారుకు స్టార్టర్ లేదు. కంప్యూటర్లు లేవడానికి, కాంటాక్టర్లు కలవడానికి పట్టే కరెంటు దానితో పోలిస్తే చాలా తక్కువ. పెట్రోల్ కారును కదిలించలేనంత బలహీనమైన బ్యాటరీతో కూడా ఎలక్ట్రిక్ కారు రోజూ మామూలుగా లేస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. ఒక చలి రాత్రి ఆ కాస్త బలం కూడా పోతుంది, తెల్లారేసరికి కారు ఉలకదు పలకదు. యజమానికి అది హఠాత్తుగా జరిగినట్టే ఉంటుంది. ఈ చిన్న బ్యాటరీ పాతకాలపు లెడ్ యాసిడ్ (సీసపు పలకలు, ఆమ్లం ఉండే) రకమై మూడేళ్లు దాటిందంటే ఏటా చలికాలానికి ముందు లోడ్ టెస్ట్ (భారం వేసి బలం చూసే పరీక్ష) చేయించాలి, టెస్ట్‌లో తేలిపోతే అది పూర్తిగా పడిపోయేదాకా ఆగకుండా మార్చేయాలి. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే గుర్తుంటుందనుకుంటే, అది ఇదే కావాలి.

కొన్ని కంపెనీలు ఈ మధ్య లెడ్ యాసిడ్ మానేసి చిన్న లిథియం బ్యాటరీ పెడుతున్నాయి. టెస్లా 2021 నుంచి అలా మారింది. అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. కింద చెప్పబోయే వోల్టేజ్ లెక్కలు మాత్రం వాటికి వర్తించవు.

పొద్దున్నే కారు దగ్గర

ముందు చూడాల్సింది డాష్‌బోర్డు వెలుగుతోందా లేదా. ఏమీ వెలగకపోతే, లేదా లైట్లు మిణుకుమంటూ ఒకదానికొకటి సంబంధం లేని పది పన్నెండు హెచ్చరికలు ఒకేసారి వస్తే, చిన్న బ్యాటరీనే అనుమానించాలి. వోల్టేజ్ తగ్గినప్పుడు ఒక్కో కంప్యూటర్ ఒక్కో తప్పు చూపిస్తుంది. ఎయిర్‌బ్యాగ్, బ్రేక్, స్టీరింగ్, మోటారు అన్నీ చెడిపోయినట్టు కనిపించే ఆ స్క్రీన్ చూసి టెన్షన్ పడనక్కర్లేదు. అన్నీ ఒకేసారి పాడవడం కన్నా, అన్నిటికీ కరెంటు ఇచ్చేది ఒక్కటి పాడవడమే ఎక్కువ జరుగుతుంది.

లోపలికి వెళ్లడమే మొదటి చిక్కు. చాలా కార్ల రిమోట్ లోపల ఒక చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది, డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర మూత తీస్తే దానికి రంధ్రం కనిపిస్తుంది. కారు కొన్న రోజే ఇంట్లో వాళ్లందరూ ఒకసారి చూసుకోవలసిన విషయం ఇది, మైనస్ 15లో వెతుక్కునేది కాదు. టెస్లా మోడల్ 3, మోడల్ వై లాంటి వాటికి అలాంటి రంధ్రం లేదు. వాటి ముందు బంపర్‌లో టోయింగ్ కొక్కెం బిగించే చోట చిన్న మూత ఉంటుంది. అది తీస్తే రెండు వైర్లు బయటికొస్తాయి, వాటికి బయటి నుంచి 12 వోల్టులు ఇస్తే బానెట్ తెరుచుకుంటుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ దొరికాక వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే సగం సందేహం తీరుతుంది. నిండుగా ఉన్నది విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12కు వచ్చిందంటే దాదాపు ఖాళీ. 11.8 కన్నా కిందకు పోతే కారు లేవకపోవడంలో వింత లేదు. అప్పుడు పోర్టబుల్ జంప్ ప్యాక్‌తో గానీ, వేరే కారు నుంచి జంపర్ కేబుళ్లతో గానీ కరెంటు ఇవ్వొచ్చు. ఎర్ర క్లిప్ పాజిటివ్‌కు, నల్లది మాన్యువల్ చూపించిన గ్రౌండ్ పాయింట్‌కు. నారింజ రంగు కేబుళ్లు ఎక్కడ కనిపించినా ముట్టుకోకూడదు, అవి హై వోల్టేజ్‌వి. మన ఎలక్ట్రిక్ కారుతో పక్కవాళ్ల పెట్రోల్ కారును జంప్ చేయడం మాత్రం చాలా కంపెనీలు వద్దంటాయి. స్టార్టర్ లాగే కరెంటును డీసీ-డీసీ కన్వర్టర్ తట్టుకోలేకపోవచ్చు.

ఒక ప్రమాదం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినదానిలో మిగిలేది దాదాపు నీళ్లే కాబట్టి మైనస్ 7, మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది. ఉబ్బినట్టో, పగిలినట్టో, మూత చుట్టూ మంచు పట్టినట్టో కనిపిస్తే దానికి జంప్ ఇవ్వకూడదు, చార్జర్ పెట్టకూడదు. గడ్డకట్టిన బ్యాటరీలోకి కరెంటు పంపితే అది పేలే ప్రమాదం ఉంది. విప్పి కొత్తది వేయడం ఒక్కటే దారి.

జంప్ ఇచ్చాక రెడీ గుర్తు వచ్చిందంటే పెద్ద బ్యాటరీ, కాంటాక్టర్లు బాగానే ఉన్నట్టే. కేబుళ్లు తీసేసి, వెంటనే ఆపేయకుండా కనీసం అరగంట, వీలైతే గంట, కారును రెడీలోనే ఉంచాలి. ఆ సమయంలో చిన్న బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే ఇంకో ముఖ్యమైన విషయం తెలుస్తుంది. కన్వర్టర్ పనిచేస్తుంటే వోల్టేజ్ 13 దాటి, చాలా కార్లలో 14 దగ్గరికి వస్తుంది. 12 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతుంటే తప్పు బ్యాటరీది కాదు, దానికి చార్జ్ ఇచ్చే యంత్రాంగానిది. కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో మళ్లీ అదే కథ.

ఈ రెండో రకం ఊహించి చెప్తున్నది కాదు. హ్యుందాయ్, కియా, జెనెసిస్ ఎలక్ట్రిక్ కార్లలో ఐసీసీయూ అనే పరికరం చార్జింగ్‌నూ, 12 వోల్టుల సరఫరానూ కలిపి చూస్తుంది. అది దెబ్బతిని చిన్న బ్యాటరీకి చార్జ్ ఆగిపోయే అవకాశం ఉందని 2024 మార్చిలో అమెరికాలో సుమారు 1.47 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. అదే ఏడాది మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లకు, 1,138 ఈవీ6 కార్లకు అదే కారణంతో రీకాల్ వచ్చింది. ఇది చలికి పుట్టిన లోపం కాదు. చలికాలంలో బయటపడితే మాత్రం అందరూ చలి మీదకే తోసేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు చాసిస్ నంబర్‌తో రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవడం మంచిది.

డాష్‌బోర్డు బాగానే వెలిగి, రెడీ గుర్తు మాత్రం రాకపోతే చిన్న కారణాలు ముందు చూడాలి. చార్జింగ్ కేబుల్ తగిలించే ఉంటే ఏ కారూ గేర్‌లో పడదు. రిమోట్‌లోని నాణెం లాంటి బ్యాటరీ చలికి నీరసిస్తే కారు తాళాన్ని గుర్తుపట్టదు. మాన్యువల్ చెప్పిన చోట రిమోట్‌ను ఆనించి పెడితే పని జరుగుతుంది. ఫోన్‌నే తాళంగా వాడేవాళ్లకు ఇంకో సమస్య, గడ్డకట్టే చలిలో 30 శాతం చార్జ్ ఉన్న ఫోన్ కూడా ఆగిపోవచ్చు. కీ కార్డు పర్సులో ఉండాలి. ఇవన్నీ చూశాక కూడా రెడీ రాకుండా, హై వోల్టేజ్ గురించో ఇన్సులేషన్ గురించో హెచ్చరిక ఉంటే అది ఇంట్లో చూసుకునే పని కాదు. సర్వీస్‌కే పోవాలి, అదీ నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా ఫ్లాట్‌బెడ్ మీద. చక్రాలు తిరుగుతూ లాగితే మోటారు జనరేటర్‌గా మారి కరెంటు పుట్టిస్తుంది.

పెద్ద బ్యాటరీ బిగబట్టుకున్నప్పుడు

రెండో సంగతి వేరు. రెడీ వస్తుంది, కారు కదులుతుంది, కానీ మునుపటి ఊపు ఉండదు. స్క్రీన్ మీద మంచు రేకు గుర్తో, తాబేలు గుర్తో వస్తుంది. రాత్రి 14 శాతం చూపించింది తెల్లారేసరికి 8 అంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే రోజూలా వేగం తగ్గదు.

కొబ్బరి నూనె పుష్యమాసంలో ఎలా అవుతుందో మనకు తెలుసు. లిథియం బ్యాటరీలోని ద్రవం అలా గడ్డకట్టదు గానీ చిక్కబడుతుంది. అయాన్ల కదలిక నెమ్మదిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. శక్తి లోపలే ఉంటుంది, బయటికి రావడమే కష్టం. ఎక్కువ కరెంటు లాగబోతే వోల్టేజ్ ఒక్కసారిగా కుంగుతుంది. అందుకే కారు కంప్యూటర్ కొంత శక్తిని పక్కన పెట్టి, "ఇది ఇప్పుడు వాడుకోలేరు" అంటుంది. బ్యాటరీ వేడెక్కాక అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. పోయిందనుకున్న శాతం నిజంగా పోయింది కాదు. చలి రాత్రి 10, 15 శాతంతో బయట వదిలేసినవాళ్లకు మాత్రం ఈ తేడా ఓదార్పు కాదు. ఆ మిగిలిన కాస్తా అందకుండా పోతే కారు కదలకపోవచ్చు. చలి ప్రాంతాల్లో రాత్రికి 20 శాతం కన్నా తక్కువతో పార్క్ చేయకపోవడమే మంచిది.

చార్జ్ ఎక్కించుకోవడం దీనికన్నా సున్నితమైన పని. బాగా చల్లగా ఉన్నప్పుడు కరెంటు బలవంతంగా పంపితే లిథియం, బ్యాటరీలో నెగటివ్ వైపు ఉండే గ్రాఫైట్ లోపలికి ఇంకకుండా దాని పైన లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం చాలావరకు శాశ్వతం, ముదిరితే లోపల షార్ట్‌కు కూడా దారి తీయొచ్చు. కాబట్టి సున్నా డిగ్రీల దగ్గర నుంచే కారు చార్జింగ్ వేగాన్ని తగ్గిస్తుంది, మరీ చల్లగా ఉంటే ముందు బ్యాటరీని వేడి చేసుకుని ఆ తర్వాతే చార్జ్ తీసుకుంటుంది. కాలు తీయగానే వచ్చే రీజెన్ బ్రేకింగ్, అంటే కారు వేగాన్నే కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతూ ఆపడం, తగ్గడానికీ ఇదే కారణం. అది కూడా చార్జింగే కదా. ఒక్క పెడల్‌తో నడపడానికి అలవాటు పడినవాళ్లు చలి పొద్దున మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలు సిద్ధంగా ఉంచుకోవాలి. మంచు రోడ్డు మీద ఆ అర సెకను చాలా విలువైనది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలున్న కార్లలో ఈ లక్షణాలన్నీ ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తాయి.

తట్టుకోవడానికీ ఒక హద్దుంది. మైనస్ 30 కన్నా చల్లని చోట 24 గంటలకు మించి ఒకే విడత ఉంచవద్దని టెస్లా మాన్యువల్ చెబుతుంది. ఉత్తర మినెసోటా, కెనడా ప్రెయిరీ రాష్ట్రాల్లో ఉండేవాళ్లకు ఇది కాగితం మీది అంకె కాదు, అక్కడ ఏటా ఎదురయ్యే చలి.

షికాగోలో ఆ వారం

2024 జనవరి మధ్యలో షికాగో చుట్టుపక్కల ఉష్ణోగ్రత మైనస్ 20 దాటి పడిపోయింది. ఓక్ బ్రూక్, ఎవర్‌గ్రీన్ పార్క్ లాంటి చోట్ల టెస్లా సూపర్‌చార్జర్ల ముందు కార్లు బారులు తీరాయి. కొన్ని క్యూలోనే చార్జ్ అయిపోయి ఆగిపోయాయి, టో ట్రక్కులొచ్చి లాక్కెళ్లాయి. ప్రపంచమంతా ఆ వీడియోలు చూసింది, చలికి ఎలక్ట్రిక్ కార్లు పనికిరావన్న తీర్పూ వచ్చేసింది.

అక్కడ జరిగింది కారు చెడిపోవడం కన్నా లెక్క తప్పడం. చల్లటి బ్యాటరీతో వచ్చిన కారు చార్జర్‌కు తగిలించాక మొదట చాలాసేపు వేడెక్కడానికే కరెంటు వాడుకుంటుంది. మామూలుగా అరగంటలో ఖాళీ అయ్యే చార్జర్ గంటకో, ఇంకా ఆలస్యంగానో ఖాళీ అవుతుంది. వెనక ఉన్న కారు ఆ సమయమంతా హీటర్ వేసుకుని ఉన్న కాస్త చార్జ్ కాల్చుకుంటూ ఎదురు చూస్తుంది. దాని వంతు వచ్చేసరికి బ్యాటరీ ఇంకా చల్లగా, ఇంకా ఖాళీగా ఉంటుంది. కొన్ని చార్జర్లు పనిచేయకపోతే ఈ వలయం ఇంకా బిగుస్తుంది.

దీన్ని తప్పించే మార్గం కారులోనే ఉంది. నావిగేషన్‌లో ఆ చార్జర్‌ను గమ్యంగా పెడితే చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటూ వెళ్తాయి. ప్రీకండిషనింగ్ అంటారు దీన్ని. "ఆ చార్జర్ నాకు తెలిసిందే కదా" అని మ్యాప్ పెట్టకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. చార్జ్ మరీ తక్కువగా ఉంటే కారు ఆ వేడి చేయడం కూడా మానేస్తుంది. అంటే చలిలో 5 శాతంతో చార్జర్ చేరడం వేసవిలో 5 శాతంతో చేరడం లాంటిది కాదు.

అసలు తేడా ఇంకో చోట ఉంది. ఇంట్లో చార్జర్ ఉన్నవాళ్లకు ఆ వారం గుర్తుండే అవసరం కూడా లేదు. రాత్రంతా తగిలించి ఉంచి, ఎన్నింటికి బయల్దేరాలో టైం పెడితే, కారు గోడ కరెంటుతోనే బ్యాటరీనీ లోపలి గాలినీ వేడి చేసుకుని సిద్ధంగా ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. కొత్తగా అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది ఈ వర్గంలోకే వస్తారు. చలి రాష్ట్రంలో, ఇంటి దగ్గర ప్లగ్ లేకుండా ఎలక్ట్రిక్ కారు తీసుకోవాలనుకునేవాళ్లు లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆఫీసు పార్కింగ్‌లో చార్జర్ ఉందో లేదో కనుక్కోవాలి. మామూలు 120 వోల్టుల ప్లగ్ దొరికినా అది ఇచ్చేది దాదాపు 1.4 కిలోవాట్లే. గడ్డకట్టే చలిలో అదంతా బ్యాటరీని వేడిగా ఉంచడానికే సరిపోయి, తెల్లారేసరికి శాతం ఏమీ పెరగకపోవచ్చు. ప్లగ్ పాడైందని చాలామంది అనుకునేది దీన్నే. 240 వోల్టుల చార్జర్‌తో ఆ బాధ ఉండదు.

హీటర్ సంగతి కూడా ఇక్కడే. అమెరికా ఆటోమొబైల్ సంఘం ఏఏఏ 2019లో అయిదు కార్ల మీద చేసిన పరీక్షలో, మైనస్ 7 దగ్గర హీటర్ వేయకపోతే రేంజ్ సగటున 12 శాతమే తగ్గింది, హీటర్ వేస్తే 41 శాతం. అంటే చలి మింగేదాని కన్నా హీటర్ మింగేదే ఎక్కువ. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉన్న కార్లలో ఈ నష్టం తగ్గుతుంది. చార్జ్ తక్కువగా ఉన్నప్పుడు గాలి వేడిని తగ్గించి సీటు హీటర్ వాడడం మంచి ఉపాయం. కిలోవాట్లు తినేదాని బదులు వంద వాట్ల దగ్గర పని జరుగుతుంది.

మంచు బిగించినవి

మూడో రకం చిన్నదే. బయటికి పొడుచుకురాని డోర్ హ్యాండిళ్లు, చార్జింగ్ మూత, కేబుల్‌ను పట్టి ఉంచే గొళ్లెం మంచుకు బిగుసుకుంటాయి. మరిగే నీళ్లు పోయకూడదు. అద్దం పగలొచ్చు, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. యాప్ నుంచి లోపల హీటర్ వేసి పావుగంట ఆగితే చాలావరకు వదులవుతాయి. రెడీ ఉండి, గేర్ పడి, కారు మాత్రం కదలకపోతే వెనక బ్రేకులు పట్టేసి ఉండొచ్చు. రీజెన్ వల్ల ఈ కార్ల బ్రేకులకు పని తక్కువ, తడిగా పార్క్ చేస్తే ప్యాడ్లు డిస్కులకు అతుక్కుంటాయి. ముందుకోసారి, వెనక్కోసారి మెల్లగా కదిపితే టక్కున విడిపోతాయి. మోటారు పోయిందని ఫోన్ చేసే ముందు ఇది చూడాలి.

నార్వే ఏమంటోంది

2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్. చలికి ఈ కార్లు లేవవన్న మాటే నిజమైతే ఆ దేశం ఏటా జనవరిలో ఆగిపోవాలి. వైకింగ్ అనే అక్కడి రోడ్డు సహాయ సంస్థ 2024 జనవరి మొదట్లోని చలి రోజుల లెక్క చెప్పింది: స్టార్ట్ కాని కార్లలో ఎలక్ట్రిక్‌వి 13 శాతమే, రోడ్ల మీద వాటి వాటా మాత్రం సుమారు 23 శాతం. పెట్రోల్, డీజిల్ కార్లు అక్కడ సగటున ఎక్కువ పాతవి కాబట్టి ఈ పోలికను పూర్తిగా నెత్తిన పెట్టుకోలేం. కానీ ఇళ్ల దగ్గర చార్జింగ్, చలికి ముందే సిద్ధం చేసుకునే అలవాటు ఉన్నచోట సమస్య అదుపులోనే ఉంటుందని మాత్రం ధైర్యంగా అనొచ్చు.

మన దగ్గర లంబసింగి, అరకు, ఆదిలాబాద్ చలికి పెద్ద బ్యాటరీకి వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. తెల్లవారుజామున రీజెన్ కాస్త తగ్గినట్టు, ఫాస్ట్ చార్జింగ్ కాస్త నెమ్మదించినట్టు ఉంటుంది, అంతే. చిన్న బ్యాటరీ విషయంలో మాత్రం మనం అమెరికా వాళ్ల కన్నా జాగ్రత్తగా ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును ఎక్కువగా తినేది వేడి. లోపలి పలకలు ఎండకు తొందరగా తుప్పు పడతాయి. రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీల్లో రెండు మూడు వేసవులు చూసిన బ్యాటరీ ఆ దెబ్బను దాచుకుని, డిసెంబరులో ఒక చల్లటి పొద్దున పడిపోతుంది.

ఇండియా ప్రయాణానికి ముందు

నెల రోజులు కారు వదిలి వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా మంచిది ప్లగ్‌కు తగిలించి, పరిమితి 50, 60 శాతం దగ్గర పెట్టి వెళ్లడం. ప్లగ్ లేకపోతే 70, 80 శాతంతో వదలాలి. కెమెరాలతో కాపలా కాసే మోడ్‌ను ఆపేయాలి, అది కారును నిద్రపోనివ్వదు, రోజుకు కొన్ని శాతం చొప్పున తినేస్తుంది. క్యాబిన్‌ను వేడిగా ఉంచే సెట్టింగులూ అంతే. నెల్లూరులో కూర్చుని బెంగకొద్దీ రోజుకు నాలుగుసార్లు యాప్ తెరిచి చూడడం కూడా కారుకు మంచిది కాదు, తెరిచిన ప్రతిసారీ అది మేల్కొంటుంది. వారానికి ఒకసారి చాలు. ఎక్కువకాలం వదిలేటప్పుడు 12 వోల్టుల నెగటివ్ వైరు తీసేయమని కొన్ని కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి, కొన్ని వద్దంటాయి. తమ కారు మాన్యువల్‌లో ఏముందో చూశాకే ఆ పని చేయాలి.

జంప్ ప్యాక్ కొనుక్కుని డిక్కీలో పెట్టి వెళ్లేవాళ్లున్నారు. చాలా కార్లలో డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. చిన్న బ్యాటరీ పడిపోయిన రోజు డిక్కీ తెరుచుకోదు, ప్యాక్ అందదు. పైగా అది కూడా లిథియందే, నెల రోజులు మంచులో ఉంటే దాని బలమూ తగ్గుతుంది. దాన్ని ఊళ్లోనే ఉండే స్నేహితుల ఇంట్లో వెచ్చగా, నిండుగా చార్జ్ చేసి ఉంచాలి. అదే స్నేహితులకు ఒక తాళం కూడా ఇచ్చి, పది రోజులకోసారి వచ్చి కారును అరగంట రెడీలో ఉంచమంటే, ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లడానికి వచ్చేటప్పుడు ఆ ప్యాక్ వెంట తెమ్మంటే, దిగిన రాత్రి తలుపు తెరుచుకోకపోయినా పావుగంటలో ఇంటి దారి పట్టొచ్చు.